మ్యాన్ -కె కి ఏమీ దొరకట్లేదా? ముందు ఇండెక్స్ చూడండి

సమస్య: ఏ పదం వెతికినా "నథింగ్ అప్రోప్రియేట్" అంటోంది

లైనక్స్‌లో మ్యాన్ కమాండ్ మాన్యువల్ (సహాయ) పేజీలు చూపిస్తుంది, మ్యాన్ -కె వాటిలో పదం వెతుకుతుంది. పేరు ఇస్తే పేజీ చక్కగా తెరుచుకుంటుంది. అయినా చాలామంది ప్యాకేజీ తీసేసి మళ్లీ వేస్తూ కూర్చుంటారు. మ్యాన్ నేరుగా ఫైలు వెతికి తెరుస్తుంది. మ్యాన్ -కె, అదే పని చేసే అప్రోపోస్, ఒక్క లైను వివరణ ఇచ్చే వాట్ఈజ్ మాత్రం ముందే కట్టిపెట్టిన ఇండెక్స్‌నే (పేజీల పేర్లు, వివరణల జాబితా) చూస్తాయి. దయచేసి మొట్టమొదట /వార్/క్యాష్/మ్యాన్‌లో ఇండెక్స్.డీబీ ఉందో లేదో చూడండి. లేకపోతే ఇండెక్స్ కట్టే "సుడో మ్యాన్‌డీబీ" కొట్టండి. సుడో తప్పనిసరి, మామూలు యూజర్‌కి అక్కడ రాసే హక్కు ఉండదు.

డాకర్ లాంటి కంటెయినర్ అయితే అసలు పేజీలే లేకపోవచ్చు. డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో /ఈటీసీ/డీపీకేజీ/డీపీకేజీ.సీఎఫ్‌జీ.డీ కింద ఉన్న పాత్-ఎక్స్‌క్లూడ్ లైను, ఫెడోరా ఇమేజ్‌లో డీఎన్‌ఎఫ్.కాన్ఫ్‌లోని నోడాక్స్ వాటిని రానివ్వవు. ఆ లైను తీసి, ప్యాకేజీలు రీఇన్‌స్టాల్ చేసి, అప్పుడు ఇండెక్స్ కట్టండి.

సమస్య: మిగతావన్నీ దొరుకుతున్నాయి, కొత్తగా పెట్టిన పేజీ ఒక్కటే రావట్లేదు

మ్యాన్‌డీబీ నడిపారు, ఎర్రర్ ఏమీ లేదు. కానీ చివర వచ్చిన లైను చదివారా? "0 మ్యాన్ సబ్‌డైరెక్టరీస్ కంటెయిన్డ్ న్యూయర్ మాన్యువల్ పేజెస్" అని ఉంటే మీ ఫైలును అది తెరవనే లేదు.

మ్యాన్‌డీబీ ప్రతి ఫైలునూ తడిమి చూడదు. పేజీలు ఉండే మ్యాన్1, మ్యాన్5 లాంటి డైరెక్టరీ మార్పు సమయం, ఇండెక్స్ చివరిసారి కట్టిన సమయం కంటే కొత్తదైతేనే లోపలికి వెళ్తుంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ -ఎ తో పేజీలు తెచ్చారనుకోండి, అది ఫైళ్లతో పాటు డైరెక్టరీకీ పాత తేదీనే వేస్తుంది. లోపల కొత్త ఫైలు ఉంటుంది, డైరెక్టరీ మాత్రం పాతదిగానే కనిపిస్తుంది. ఉన్న ఫైలు మీదే సీపీతో కాపీ చేసినా అంతే, డైరెక్టరీ సమయం కదలదు.

దీనివల్ల ఇంకో చిక్కు ఉంది. పేజీలో నేమ్ సెక్షన్ తప్పుగా రాస్తే కూడా ఆ పేజీ ఇండెక్స్‌లోకి ఎక్కదు. అక్కడ పేరు, ఆ తర్వాత బ్యాక్‌స్లాష్-హైఫన్, ఆ తర్వాత చిన్న వివరణ ఉండాలి. మీరు దాన్ని సరిచేసి, సీపీతో పైనే వేసి, మ్యాన్‌డీబీ నడుపుతారు. ఫలితం మారదు. సరైన లైనునే మళ్లీ మళ్లీ చెరిపి రాయడం మొదలవుతుంది. అందుకే నేమ్ లైను, డైరెక్టరీ సమయం రెండింటినీ విడివిడిగా తేల్చుకోండి. ఫైలు మీద, నేమ్ లైను చదివి చూపే లెక్స్‌గ్రాగ్ కమాండ్ నడపండి: పేరు, వివరణ చూపిస్తే నేమ్ లైను బాగున్నట్టే, "పార్స్ ఫెయిల్డ్" అంటే అక్కడే తప్పుంది. తర్వాత ఆ మ్యాన్1 డైరెక్టరీని సుడో టచ్ చేసి (దాని సమయం ఇప్పటిదవుతుంది) మ్యాన్‌డీబీ నడపండి. ఈసారి 0 కాకుండా 1 రావాలి. ఆర్‌సింక్ రోజూ నడిచేదైతే దానికి -ఓ (పెద్ద ఓ) చేర్చండి, డైరెక్టరీ తేదీల జోలికి వెళ్లదు.

తప్పు వెతుకుతున్నంతసేపూ మ్యాన్‌డీబీకి -క్యూ వాడకండి. నేమ్ లైను తప్పని చెప్పే హెచ్చరికను అది మింగేస్తుంది.

అరుదైనవి

ఇండెక్స్ పాడైతే "సుడో మ్యాన్‌డీబీ -సి" మొదటి నుంచి కడుతుంది. పేజీల దారులు చెప్పే మ్యాన్‌పాత్ వేరియబుల్‌ను ముందూ వెనకా కోలన్ లేకుండా పెడితే సిస్టమ్ దారులన్నీ పోతాయి, "మ్యాన్‌పాత్" కమాండ్ కొడితే తెలిసిపోతుంది. ఆల్పైన్ లైనక్స్‌లో మామూలుగా వాడేది మ్యాన్‌డాక్ అనే వేరే టూల్, అక్కడ ఇండెక్స్ కట్టే కమాండ్ మేక్‌వాట్ఈజ్.