4 ఓమ్స్ స్పీకర్‌కి బ్రిడ్జ్ ఆంప్ కడుతున్నారా?

రెండు టీడీఏ7294 ఆంప్ ఐసీలని బ్రిడ్జ్‌లో కలిపి, అంటే స్పీకర్‌ని రెండింటి అవుట్‌పుట్‌ల మధ్య పెట్టి, 4 ఓమ్స్ స్పీకర్ తగిలిద్దామనుకునేవాళ్లు కాస్త ఆగండి. బ్రిడ్జ్‌లో ఒక్కో ఐసీకి స్పీకర్ ఇంపిడెన్స్‌లో (ఓమ్స్‌లో కొలిచే అడ్డు) సగమే, అంటే 2 ఓమ్సే కనిపిస్తుంది. దాంతో కరెంటు పెరిగి హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. బ్రిడ్జ్‌కి 8 ఓమ్స్‌కి తగ్గొద్దని డేటాషీట్‌లోనే ఉంది, ఎవరూ చదవరు!

4 ఓమ్సే కావాలంటే బ్రిడ్జ్‌లో ఒక్కో వైపుకి రెండేసి ఎల్‌ఎం3886లు (ఇవీ ఆంప్ ఐసీలే) పెట్టండి. ఒక్కో అవుట్‌పుట్‌కి 0.1 ఓమ్, 3 వాట్ల రెసిస్టర్ వేశాకే ఆ రెండిటినీ పారలల్ చెయ్యాలి. లేకపోతే ఐసీలు ఒకదానిలోకి ఒకటి కరెంటు తోసుకుంటాయి. గెయిన్ రెసిస్టర్లు (ఐసీ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో తేల్చేవి) 1 శాతం తేడావి కొన్నా సరే, మల్టీమీటర్‌తో కొలిచి జతలు ఏరుకోండి.

అన్నట్టు, బ్రిడ్జ్‌లో స్పీకర్ మైనస్ వైరు గ్రౌండ్ కాదు. అది ఛాసీకి (ఆంప్ మెటల్ బాక్స్‌కి) తగిలిందా, ఆ వైపు అవుట్‌పుట్ షార్టే. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పూ అక్కడ పెట్టకండి.