ఇప్పపువ్వు రాలకముందే చూసుకోవాల్సినవి

శివరాత్రి దాటి నాలుగు రోజులైతే చాలు, మా చింతూరు వైపు గూడేల్లో అడవి కబుర్లు మొదలవుతాయి. ఏ వాగు పక్క ఇప్పలు మొగ్గ కట్టాయి, ఈసారి తునికాకు (బీడీ ఆకు) కొనే కల్లం ఎవరు పట్టారు, ఆకు కట్టకి ఎంత ఇస్తారు. ముందు చింతపండు, మార్చిలో పువ్వు, ఏప్రిల్ నుంచి తునికాకు, మధ్యమధ్యలో తేనె, తపసి జిగురు, వానలు పడే ముందు ఇప్పపలుకు, అంటే ఇప్ప గింజ. ఈ మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చిన డబ్బుని బట్టే ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అప్పు చేయాలో వద్దో తేలుతుంది.

నేను మహిళా సంఘాల లెక్కలు రాసే మనిషిని. నష్టం అనగానే అందరూ ఎలుగుబంటి, గోదారి వరద అంటారు. అవి లేవని కాదు. కానీ పుస్తకం తిరగేస్తే ఎక్కువసార్లు కనిపించేవి వేరు: తడిసి నల్లబడ్డ పువ్వు, ఆకు కార్డులో ఎక్కని కట్టలు, వడదెబ్బ తగిలి మంచాన పడ్డ పది రోజులు, ఆ పది రోజుల కోసం షావుకారు దగ్గర తెచ్చిన అప్పు. ఇవన్నీ ముందుగా చూసుకుంటే తప్పేవే. అందుకే ఈ మాటలు సీజన్ మధ్యలో కాకుండా ఫిబ్రవరిలోనే చెప్పుకోవాలి. ఊళ్లో ఫోన్ చూసే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

చెట్టు కింద నిప్పు

అన్నిటికంటే ముందు ఇదే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకు మందంగా ఉంటే పువ్వు కనపడదు, ఏరడానికి నడుం విరుగుతుంది. అందుకని చెట్టు కింద నిప్పు పెట్టి శుభ్రం చేసుకోవడం తాతల నాటి అలవాటు. అప్పట్లో మంచు తేమ ఉన్నప్పుడు పెట్టి, ఆరేదాకా దగ్గరే కూర్చునేవాళ్లు. ఇప్పుడు మార్చి మొదటి వారానికే ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం అంటించి, ఆరిపోతుందిలే అని ఇంటికొస్తే సాయంత్రానికి గుట్ట మొత్తం అంటుకుంటుంది.

తునికాకు కోసం కాల్చడం ఇంకో అలవాటు. కాలిస్తే చిగురు బాగా వస్తుందంటారు. చిగురు వస్తుంది, నిజమే. కానీ ఫిబ్రవరి ఆఖరులో తునికి పొదల్ని నేలకి దగ్గరగా కొట్టినా అంతే మంచి ఆకు వస్తుంది, పైగా ఆ కొట్టుడుకి కూలి కూడా ఉంటుంది. నిప్పు పెడితే దానితో పాటు ఉసిరి, కరక, చార మొలకలన్నీ పోతాయి. మీకు నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. మీ గూడెం చుట్టూ ఉన్న ఇప్పచెట్లు లెక్కపెట్టండి. వాటిలో మీ నడుం ఎత్తు లోపు మొక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. మేం ఒక ఏడాది లెక్కపెట్టాం. పెద్ద చెట్లన్నీ మా అమ్మమ్మల కాలం నాటివి. పిల్ల మొక్కలు చేతివేళ్లకి మించలేదు. ఏటా కాలుస్తుంటే మొలక ఎలా నిలుస్తుంది?

నిప్పు లేకుండా ఏరే పద్ధతి కష్టమేమీ కాదు. పువ్వు రాలే పది రోజుల ముందే చెట్టు కింద గుండ్రంగా ఊడ్చి, ఆకుని పొలం గట్టుకి మోసుకెళ్లి ఎరువుగుంటలో వేయండి. ఆ తర్వాత పాత చీరలు నాలుగు కలిపి కుట్టి పరవండి, లేదా వల కట్టండి. వల మీద పడ్డ పువ్వుకి మట్టి అంటదు, ఇసుక రాదు. సంతలో అలాంటి పువ్వుకి రేటు కూడా ఎక్కువే అడగొచ్చు. వల సంఘం తరఫున తీసుకుని రెండు మూడు ఇళ్లు పంచుకోవచ్చు.

ఎక్కడైనా మంట లేస్తే ఉపగ్రహం పట్టేస్తుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి అటవీ శాఖ వాళ్ల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది. ఎవరు పెట్టారో తెలియకపోవచ్చు, ఏ గూడెం పక్కన లేచిందో మాత్రం తెలిసిపోతుంది. ఆ తర్వాత మాట పడేది ఊరంతా.

ఒకవేళ మంటలో చిక్కుకుంటే గుట్ట పైకి పరుగెత్తొద్దు. నిప్పు పైకి మనకంటే వేగంగా ఎక్కుతుంది. ఎండిన వాగులోకి గానీ, ఇప్పటికే కాలిపోయి చల్లారిన నేల మీదకి గానీ వెళ్లండి. తడిగుడ్డ ముక్కుకి కట్టుకోండి. పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి మంట వైపు వీచేలా, కాలిన నేల మీద నిలబడి కొట్టాలి. చిన్నపిల్లల్ని ఆ పనికి తీసుకెళ్లకండి.

ఎలుగుబంటి, పాము

పువ్వు మనకొక్కరికే కాదు, ఎలుగుబంటికీ ఇష్టమే. అదీ చీకట్లోనే వస్తుంది. నలుగురి కంటే ముందు వెళ్తే గంప నిండుతుందని ఒక్కరే మూడింటికి లేచి పోతుంటారు. అలాంటప్పుడే దెబ్బలు తగులుతాయి. వెలుతురు విచ్చాకే వెళ్లండి, కనీసం నలుగురు కలిసి వెళ్లండి, దారంతా గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగుకి చూపు తక్కువ. అలికిడి లేకుండా దగ్గరికి వెళ్తేనే అది బెదిరి మీద పడుతుంది. పిల్లల తల్లి ఎలుగు కనపడితే ఇక ఆ పూటకి ఆ చెట్టు వదిలేయాల్సిందే.

పాము విషయంలో ఇంట్లో ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీకు దగ్గర్లో పాము కాటు మందు ఉన్న ఆస్పత్రి ఏది? సీజన్‌కి ముందే ఆశా కార్యకర్తని అడిగి గోడ మీద రాసుకోండి. బండి ఎవరిది, సిగ్నల్ ఏ గుట్ట మీద అందుతుంది, వాగు దాటాలంటే డోలీ మోసే నలుగురు ఎవరు, ఇవి కాటు పడ్డాక వెతుక్కునేవి కావు. రక్తపింజర, నాగుపాము, కట్లపాము, ఏది కరిచినా కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టి తీసుకెళ్లండి. మంత్రం వేయించుకోవాలని ఇంట్లో ముసలమ్మ పట్టుబడితే దారిలో బండి మీదే వేయమనండి. ఆ తగువుతో గంట పోగొట్టుకోకండి.

ఆకు కోతలో ఎండ

తునికాకు పని వేరు. పువ్వుకి మూడు గంటలు వంగితే చాలు. ఆకుకి తెల్లవారకముందే బయలుదేరి, కోసి, మోపు మోసుకొచ్చి, మధ్యాహ్నమంతా ఇంటి ముందు కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోయాలి. మన వైపు కట్టకి 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఏప్రిల్, మే ఎండలో వడదెబ్బకి ఇంతకంటే అనువైన పని ఉండదేమో.

కోత పొద్దున పదింటిలోపు ఆపేయండి. ఇంకో వంద ఆకులు కోద్దామనే ఆశే మనిషిని పడేస్తుంది. ఒక్కొక్కరికి రెండు సీసాల నీళ్లు చాలవు. ఆనపబుర్రలో నీళ్లు చల్లగా ఉంటాయి, ఉంటే అదే తీసుకెళ్లండి. వెళ్లేముందు అంబలి తాగి వెళ్లాలి, ఖాళీ కడుపుతో కాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆశా దగ్గర దొరుకుతాయి. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. టీ చెంచా, అదీ తలకొట్టు కొలత. రాత్రి ఇప్పసారా తాగి పొద్దున ఎండలోకి వెళ్లే మగవాళ్లకి చెప్పినా వినరు గానీ, పడిపోయేవాళ్లలో వాళ్లే ముందుంటారు.

మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా అది మామూలు నీరసం కాదు. నీడకి చేర్చి ఒళ్లంతా తడిపి విసురుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

తాగునీరు ముందే చూసుకోవాలి. వాగులో చెలమలు మార్చిలోనే పూడిక తీసి, పశువులు దిగకుండా చుట్టూ కంప కట్టండి. గొడ్లకి కింద వేరే గుంట తవ్వండి.

గాలిదుమారం, పిడుగు

మే సాయంత్రాలు నమ్మేలా లేవు. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న ఒక్క గాలికి వేల చెట్లు నేలకూలాయి. వేసవి దుమారాలు అంత పెద్దవి కాకపోయినా, పిడుగుతో ప్రాణం పోవడానికి ఒక్కటి చాలు. పుణె శాస్త్రవేత్తలు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగు పడే ముప్పు చూపిస్తుంది. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి బయలుదేరే ముందు గూడెంలోనే ఒకరు చూసి అందరికీ చెప్పాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే మనం ముప్పులో ఉన్నట్టే. ఒంటరి ఇప్పచెట్టు కిందకి వెళ్లొద్దు. పక్కా కప్పున్న ఇంట్లోకి చేరలేకపోతే పల్లంలో విడివిడిగా, కాళ్లు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోండి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకేమీ కాదు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. ఈ నొక్కడం ఒక్కసారైనా పీహెచ్‌సీలో అడిగి చేయించుకుని నేర్చుకోండి.

మూడేళ్ల కింద మా సంఘం ఎండిన పువ్వుని టార్పాలిన్ లేకుండా అరుగు మీద వదిలేసింది. అర్ధరాత్రి అరగంట వాన. పొద్దునకి బూజు వాసన. సగం రేటుకి కూడా అడిగినవాడు లేడు. అప్పటి నుంచి వలల కంటే ముందు టార్పాలిన్ కొంటున్నాం. పువ్వు పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టకూడదు, అప్పటిదాకా ఎండాల్సిందే. ఆ తర్వాత మూత బిగిసే డబ్బాల్లో పెట్టండి, గోనెసంచిలో అది మళ్లీ తేమ పీలుస్తుంది.

తూకం, కార్డు, అప్పు

ఈ సంగతి పెద్దవాళ్లకి చెప్పడం కంటే చదువుకున్న పిల్లలకి అప్పగించడం మేలు. కల్లం నడిపే కల్లేదారు కట్టలు లెక్కపెట్టేటప్పుడు ఇంటి మనిషి పక్కనే ఉండాలి. వందకి నాలుగైదు కట్టలు కొసరు అడిగే అలవాటు చాలాచోట్ల ఉంది. ఊరంతా ఒక మాట మీద ఉంటేనే అది ఆగుతుంది, ఒక్కరే ఎదురుతిరిగితే వాళ్ల ఆకునే బాగాలేదని పక్కన పడేస్తారు. ఏ రోజు ఎన్ని కట్టలు పోశారో ఆ రోజే కార్డులో రాయించి ఫొటో తీసుకోండి. తర్వాత వచ్చే బోనస్ ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. కార్డు మీద పేరు, బ్యాంకు పుస్తకం మీద పేరు ఒకటేనా? ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉండి బోనస్ ఆగిపోయిన అత్తలు మా లెక్కల్లో చాలామందే ఉన్నారు. ఈ పని ఫిబ్రవరిలోనే తేల్చుకోవాలి.

సంతలో చింతపండు, పువ్వు తూచేచోట కేజీ ఉప్పు ప్యాకెట్లు రెండు తీసుకెళ్లండి. ముందు వాటిని కాటా మీద పెట్టమనండి. ఏ గొడవా పడక్కర్లేదు, "అన్నా, ఇవి తూచు" అంటే చాలు. కాటా సంగతి అందరి ముందే తెలిసిపోతుంది.

రేటు తెలుసుకోవడానికి జీసీసీ డిపోలో ఆ ఏటి ధరల పట్టిక అడగండి. 1956లో పుట్టిన ఆ గిరిజన సహకార సంస్థకి సరుకు అమ్మినా అమ్మకపోయినా, వాళ్ల రేటు తెలిస్తే బయట బేరం ఆడగలం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనకే ఇచ్చింది. ఏరుకోవడమే కాదు, అమ్ముకోవడం కూడా మన హక్కే. 2012 సవరణ నియమాలతో రవాణా పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వొచ్చు. ఎవరైనా దారిలో ఆపితే చూపించడానికి గ్రామసభ తీర్మానం జిరాక్స్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

పువ్వు రాలకముందే షావుకారు ఇచ్చే అడ్వాన్సు గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. తీసుకోక తప్పకపోతే సరుకు పేరు మీద కాకుండా రూపాయల్లో రాయించుకోండి. రేటు పెరిగితే ఆ లాభం మీకే మిగులుతుంది.

తేనె, జిగురు తీసేవాళ్లకి రెండు ముక్కలు. పట్టులో తేనె ఉన్న భాగమే కోసి, పిల్ల ఉన్న భాగం వదిలేస్తే ఈగ మళ్లీ అక్కడే నింపుతుంది. తపసి చెట్టుకి లోతుగా గాటు పెట్టకండి, చుట్టూ బెరడు ఒలవకండి. పాత గాటు మానేదాకా ఆగండి.

వరదకి ముందు

మే ఆఖరుకి డబ్బు చేతిలో ఉంటుంది, పెళ్లిళ్లూ అప్పుడే ఉంటాయి. ఆ డబ్బులో కొంత జూన్ మొదటి వారంలోనే బియ్యం, ఉప్పు, నూనె, దోమతెరల కింద మార్చేయండి. కూనవరం, వీఆర్‌పురం వైపు శబరి నది ఎగదన్నితే దారులు మూసుకుపోతాయి. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది, 1986లో 75 దాటింది. రేడియోలో రెండో హెచ్చరిక విన్నాక సర్దుకుందామంటే కుదరదు. పోడు పట్టా, ఆధార్, ఆకు కార్డు, బ్యాంకు పుస్తకం ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి కట్టండి. అమ్మని పువ్వు, చింతపండు మెరక మీద ఉన్న చుట్టాల ఇంటికి ముందే పంపండి. విత్తనాల సామలు, చోళ్లు కూడా అక్కడే దాచాలి. ఇంట్లో ఉన్నవి కొట్టుకుపోతే మళ్లీ ఆ రకం దొరకదు.

కోళ్లకి కొక్కెర తెగులు టీకా వేసవి ముదరక ముందే, మేకలకి చిటుక రోగం టీకా వానలకి ముందే వేయించండి. కష్టకాలంలో మొదట అమ్మేది వాటినే కదా.

చివరగా ఇప్పపలుకు ఏరేటప్పుడు ఒక తట్ట పక్కన పెట్టండి. ఆ గింజ నిల్వ ఉంటే మొలవదు, రాలిన పది పదిహేను రోజుల్లోనే వేయాలి. మొదటి వాన పడ్డాక పొలం గట్ల మీద, చెలమ పక్కన, బడి వెనక వేయండి. ఏ పిల్ల ఏ గింజ వేసిందో గుర్తుకి ఒక కర్ర పాతండి, మేకలు తినకుండా చుట్టూ కంప పెట్టండి.