ముత్యాల నగ కొనేటప్పుడు, కొన్నాక ఎదురయ్యే చిక్కులు: కారణాలు, పరిష్కారాలు

హైదరాబాదులో ముత్యాలు కొని నొచ్చుకున్నవారి కథలన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి. “ఇవి అసలువేనా?” అని అడుగుతాం, “అసలువే” అంటారు, అక్కడితో విచారణ ముగుస్తుంది. ఆ ఒక్క మాట చాటున సముద్రంలో తనంతట తాను ఏర్పడిన ముత్యం, జపానువారు ఉప్పునీటిలో పెంచిన ముత్యం, చైనా చెరువుల్లో పండిన మంచినీటి ముత్యం మూడూ ఒదిగిపోతాయి. అమ్మేవారికి జంకు లేకపోతే పూత వేసిన గాజుపూస కూడా వాటి సరసన చేరుతుంది. కాబట్టి ఏ చిక్కు వచ్చినా ముందు ఆ పూస ఏ జాతిదో తేల్చుకోవాలి, మంచిచెడ్డలు ఆ తరవాతి మాట.

సమస్య: పైపొర పెచ్చులుగా లేస్తోంది

కొన్నేళ్ల క్రితం మా అమ్మకోసం పాతబస్తీలోని ఒక దుకాణంలో రెండు పేటల హారం తీసుకున్నాను. అమ్మకందారు లైటరు వెలిగించి ఒక పూసను కాసేపు మంటలో ఉంచి, మసిని గుడ్డతో తుడిచి, మెరుపు చెక్కుచెదరలేదని చూపించాడు. ఆయన కాల్చిన పూస గల్లా పక్కనున్న గిన్నెలోంచి తీసినదే తప్ప మా దండలోది కాదన్న సంగతి ఇంటికి వచ్చేదాకా తట్టలేదు. రెండో వేసవి వచ్చేసరికి కొక్కేనికి దగ్గరగా ఉన్న పూసల బెజ్జాల చుట్టూ తెల్లని పొర లేచి, లోపల గాజు తళుక్కుమంది.

కారణం: గాజు, ప్లాస్టిక్ లేదా ఆల్చిప్ప పొడితో చేసిన పూసకు ముత్యం వన్నె వచ్చేలా పూత వేస్తారు. దారం ఒరుసుకునే చోట, అంటే బెజ్జం అంచు దగ్గర, ఆ పూత అన్నిటికన్నా ముందుగా అరుగుతుంది. దీన్ని బాగుచేయడం కుదరదు. బిల్లు ఉంటే వెనక్కి ఇవ్వడమే దారి.

పరిష్కారమంతా కొనకముందే ఉంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని దుకాణంలోనే అడిగి తీసుకుని, పూసను కాకుండా బెజ్జాన్ని చూడండి. నిజమైన ముత్యంలో బెజ్జం అంచు పదునుగా, శుభ్రంగా తెగి ఉంటుంది. చిప్ప లోపల గుండ్రని గింజ పెట్టి దాని చుట్టూ పెంచిన రకమైతే గింజకూ పైపొరకూ నడుమ సన్నని గీత కూడా కనబడవచ్చు. నకిలీ పూసలో అంచు చుట్టూ రంగు ముద్దకట్టినట్టు ఉబ్బెత్తుగానో, పెచ్చులు లేచినట్టుగానో ఉంటుంది. రెండు పూసలను మెల్లగా ఒకదానితో ఒకటి రాసినా, ముందుపళ్ల అంచుకు తేలిగ్గా ఆనించి జరిపినా నిజమైన ముత్యం సన్నని ఇసుకలా గరుకుగా తగులుతుంది, గాజుపూస జారిపోతుంది. ఒక పేటలో ప్రతి పూసా అచ్చు గుద్దినట్టు ఒకేలా, మచ్చ అన్నది లేకుండా ఉండి, ధర కూడా తేలిగ్గా ఉంటే అది సంతోషించవలసిన విషయం కాదు. లైటరు మంటను, బ్లేడుతో గీకడాన్ని, వెనిగర్‌లో ముంచడాన్ని మాత్రం మీ ముత్యాల మీద ప్రయోగించనివ్వకండి. ముత్యంలో ఉన్నది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ కనుక పులుపు తగిలితే అది కరుగుతుంది. పరీక్షలో నెగ్గిన ముత్యమే పాడైపోతుంది.

సమస్య: “బస్రా ముత్యాలు” అన్నారు, ధర చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు

మీ అనుమానం సరైనదే. హైదరాబాదుకు సముద్రం లేదు, మూసీలో ముత్యాలు పండవు. ఈ ఊరికి పేరు తెచ్చినవి బెజ్జం వేయడం, వన్నెనూ పరిమాణాన్నీ చూసి జతపరచడం, గుచ్చడం అనే పనులు. నిజాముల కాలంలో ఇక్కడికి వచ్చిన మేలురకం ముత్యాలు పర్షియా సింధుశాఖలో మునిగి తీసినవి. బస్రా రేవు పేరే వాటికి స్థిరపడింది. 1995లో భారత ప్రభుత్వం కొనుగోలు చేసిన నిజాం నగల్లోని ఏడు వరుసల సత్‌లడా హారం ఆ ముత్యాలదే. జపాను పెంపకపు ముత్యాలు మార్కెట్టును ముంచెత్తడం, 1930ల ఆర్థిక మాంద్యం, ఆపైన చమురు బయటపడటం, ఈ మూడూ కలిసి ఆ వేటను అడుగంటించాయి. అందువల్ల ఈనాడు కనబడే అసలైన బస్రా ముత్యాలు పాత నగల్లోంచి చేతులు మారుతూ వచ్చినవే తప్ప కొత్తగా దిగినవి కావు.

స్వాతి కార్తెలో పడిన చినుకు ముత్యమవుతుందన్న నమ్మకం అందమైనదే గాని, పెంపకందారులు చేసేది వేరు: ఇంకొక చిప్పలోంచి కోసిన కణజాలపు ముక్కను, లేదా దానితో పాటు గుండ్రని గింజను చిప్ప లోపల ఉంచుతారు, చిప్ప దాని చుట్టూ నేకర్ అనే పొరలు పేరుస్తుంది. చైనా మంచినీటి ముత్యాల్లో ఎక్కువభాగం గింజ లేకుండా పెంచినవి కనుక అవి లోపలిదాకా ముత్యమే. బియ్యపు గింజలా, బొత్తాంలా, బంగాళాదుంపలా రూపాలు రావడానికి కారణం కూడా అదే. అకోయా అనే జపాను రకం ఎక్కువగా 6 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య, గుండ్రంగా, అద్దంలాంటి మెరుపుతో ఉంటుంది. ఆస్ట్రేలియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల సౌత్ సీ ముత్యాలు పెద్దవి, తెలుపులోనూ బంగారు వన్నెలోనూ దొరుకుతాయి. తాహితీ ముత్యాలు పుట్టుకతోనే నలుపు, బూడిద, నెమలిపింఛపు పచ్చ ఛాయల్లో వస్తాయి. ఇవన్నీ పెంపకపువే, ఇవన్నీ నిజమైనవే. పెంచిన ముత్యం కొనడంలో చిన్నతనం ఏమీ లేదు, దాన్ని బస్రా ధరకు కొనడమే తెలివితక్కువ.

పరిష్కారం: “అసలువేనా” అన్న ప్రశ్నను పక్కనపెట్టి, “సహజమా పెంపకమా, మంచినీటివా ఉప్పునీటివా” అని అడిగి, ఆ జవాబును బిల్లు మీద రాయించండి. రాయడానికి తటపటాయిస్తే ఆ తటపటాయింపే జవాబు. సహజ ముత్యమని గట్టిగా చెప్పి అందుకు తగ్గ ధర అడిగితే, ప్రయోగశాలలో ఎక్స్‌రే తీయించిన ధ్రువపత్రం కావాలనండి. సహజ ముత్యాన్నీ పెంపకపు ముత్యాన్నీ బల్ల మీద పెట్టి కంటితో, పంటితో కచ్చితంగా వేరుచేయడం ఎవరి తరమూ కాదు. మేలురకమని చెప్పడానికి దుకాణాలవారు వేసే త్రిపుల్ ఏ (AAA) అన్న గుర్తును ధ్రువపత్రంగా భావించవద్దు. దానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు, ఒక కొట్టులో త్రిపుల్ ఏ అన్నది పక్క కొట్టులో ఏ కావచ్చు.

సమస్య: దుకాణంలో జిగేల్మన్నది ఇంటికి వచ్చాక సుద్దముక్కలా ఉంది

షోరూము దీపాల కింద నాసిరకం కూడా మెరుస్తుంది. పేటను గుమ్మం దాకా తెచ్చి, తెల్లని గుడ్డ మీద పరిచి, పగటి వెలుతురులో మెల్లగా దొర్లించండి. మంచి ముత్యంలో మీ తల నీడ, గుమ్మం అంచు స్పష్టంగా కనబడతాయి. అవి మసకగా, పాలల్లో కలిసినట్టు అలుముకుపోతే నిగారింపు తక్కువ. దొర్లిస్తున్నప్పుడు పూస ఒక పక్క వెలిగి ఇంకో పక్క ఆరిపోయినట్టు కనబడితే, లోపలి గింజ చారలు పైకి తెలుస్తున్నాయని, అంటే పైపొర మరీ పలచగా ఉందని అర్థం. గింజ పెట్టి పెంచిన రకాల్లో దీన్ని తప్పనిసరిగా చూడాలి. కొన్నాక దీనికి చికిత్స లేదు. నా మటుకు నేను, పరిమాణానికీ నిగారింపుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, ఒక మిల్లీమీటరు తగ్గించుకుని నిగారింపునే తీసుకుంటాను. అక్కడక్కడ చిన్న సొట్ట ఉన్నా వెలిగే పేట, నున్నగా ఉండి వెలగని పేటకన్నా మెడలో బాగుంటుంది.

సమస్య: నల్లముత్యాల రంగు మెడకు అంటుతోంది

చవకగా దొరికే నల్లని మంచినీటి ముత్యాలకు ఆ రంగు వేసినదే. తెలుపు, లేత గులాబి, పీచ్ పండు రంగు, లేత ఊదా వాటికి సహజంగా వచ్చే ఛాయలు. బెజ్జంలో, గీతల్లో, మచ్చల చుట్టూ రంగు చిక్కగా పేరుకుని ఉంటే అది అద్దకమే. బంగారు వన్నె ముత్యాల విషయంలోనూ ఇదే చూపు పనికొస్తుంది.

సమస్య: బంగారంతో చేసిన ముత్యాల హారం లెక్క తేడాగా ఉంది

హాల్‌మార్కు, దానితో వచ్చే, ప్రతి నగకూ విడిగా ఉండే ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం స్వచ్ఛతను మాత్రమే చెబుతాయి, ముత్యం గురించి ఒక్క ముక్కా చెప్పవు. తూకంలోనే అసలు మోసం దూరుతుంది. హారం మొత్తం 42.6 గ్రాములు తూగి, అందులో ముత్యాలు 65 క్యారెట్లు అనుకుందాం. ఒక క్యారెట్టు 0.2 గ్రాములు కనుక ముత్యాల బరువు 13 గ్రాములు, బంగారం 29.6 గ్రాములే. మొత్తం బరువు మీద బంగారం ధర వేస్తే 13 గ్రాముల ముత్యాలకు బంగారం వెల కట్టినట్టు. ముత్యాలకు విడిగా మళ్లీ వేస్తే రెండుసార్లు చెల్లించినట్టు. మొత్తం బరువు, ముత్యాల బరువు, నికర బంగారం బరువు, తరుగు, మజూరీ విడివిడి వరుసల్లో ఉన్న బిల్లు తీసుకోండి.

సమస్య: ముత్యాలు పసుపెక్కి మసకబారాయి

చెమట, సెంటు, హెయిర్ స్ప్రే, మేకప్ ముత్యపు పొర మీద పనిచేయడం దీనికి మూలం. మన పెళ్లిళ్లలో పసుపు, గంధం కూడా తోడవుతాయి. పొరలోకి దిగిన పసుపుదనం పూర్తిగా వదలదు, పైన పట్టిన జిడ్డు మాత్రం పోతుంది: మెత్తని నూలుగుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి, ఒక్కొక్క పూసనూ తుడిచి, పేటను తువాలు మీద పరిచి దారం లోపలిదాకా ఆరనివ్వాలి. నిమ్మరసం, చింతపండు, టూత్‌పేస్టు, నగల దుకాణంలో బంగారం కడిగే అల్ట్రాసోనిక్ యంత్రం, ఇవేవీ ముత్యాల దగ్గరకు రాకూడదు. అలంకరణ అంతా అయ్యాక చివర్లో వేసుకుని, ఇంటికి రాగానే ముందుగా తీసేయండి. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఏళ్ల తరబడి లాకరులో ఉంచితే పొర ఎండి బీటలు వారే ప్రమాదం ఉంది. మెత్తని గుడ్డ సంచి చాలు, ఏడాదికి నాలుగుసార్లు వేసుకుంటే మరీ మంచిది.

సమస్య: పూసల మధ్య దారం కనబడుతోంది

దారం సాగిందని, త్వరలో తెగుతుందని అర్థం. తరచు వేసుకునే పేటను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ గుచ్చించుకోవాలి. వంకీకి వేలాడదీయకుండా పరిచి ఉంచితే దారం ఎక్కువకాలం నిలుస్తుంది. పట్టుదారంతో, పూసపూసకూ మధ్య ముడి వేయమని అడగండి; ముడి ఉంటే పూసలు ఒరుసుకోవు, దారం తెగినా ఒక్క పూసే రాలుతుంది. దిద్దుల్లో ముత్యం పుల్ల నుంచి ఊడివస్తే అది కేవలం జిగురు వదలడమే, ఇంట్లో ఫెవిక్విక్ పూయకుండా కంసాలికి ఇవ్వండి. గుచ్చేవారికి పేట ఇచ్చేముందు పూసలు లెక్కపెట్టి, నడిమి పెద్ద ముత్యం కనబడేలా ఫోనులో ఫొటో తీసుకుని, వీలైతే పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి.