ఫొటో కెమెరాతో నగర వీడియో: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

ఫొటోల కోసం కొన్న మిర్రర్‌లెస్, డీఎస్ఎల్ఆర్ కెమెరాలతోనే ఇప్పుడు చాలామంది వీడియోలు కూడా తీస్తున్నారు. హైదరాబాద్ పాతబస్తీలో ఒక సాయంత్రం తిరిగి ఇంటికి వచ్చి చూసుకుంటే ఫొటోలు కళకళలాడుతుంటాయి, వీడియోలు మాత్రం ఉసూరుమనిపిస్తాయి. అలాగని వేరే కెమెరా కొనాల్సిన పనిలేదు. ఫొటోలో షట్టర్ వేగాన్ని, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయాన్ని, వెలుతురును బట్టి ఎంతకైనా మార్చుకుంటాం. వీడియోలో ఆ స్వేచ్ఛ ఉండదు. కింది సమస్యల్లో కొన్నింటికి మూలం అదే.

దుకాణాల్లో తీసిన వీడియోలో చారలు పాకుతున్నాయి

లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడి తీసి చూడండి. లక్కగాజుల మీద పొదిగిన రాళ్లు తళుక్కుమంటుంటాయి, వాటి మీదుగా అడ్డంగా మసక చారలు మెల్లగా పైకో కిందికో జరుగుతుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువలవుతూ వెలుగుతాయి. కంటికి ఆ తేడా తెలియదు. కానీ కెమెరా సెన్సర్ దృశ్యాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి కొన్ని వరుసలకు ఎక్కువ వెలుగు, కొన్నింటికి తక్కువ వెలుగు అందుతుంది. అవే ఆ చారలు.

షట్టర్ వేగాన్ని 1/50 సెకనుకు గానీ 1/100 సెకనుకు గానీ కట్టేయండి. సెకనుకు తీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య ఏదైనా సరే, చాలావరకు చారలు పోతాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరా అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) అని ఉందేమో చూడండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60 షట్టర్ అక్కడ సరిపోతాయి. ఇక్కడ అదే జోడీ చారలు తెస్తుంది. మన దేశ పద్ధతి అయిన పాల్‌కు మార్చి 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకోండి. ఇలా మార్చేటప్పుడు కొన్ని కెమెరాలు కార్డును ఫార్మాట్ చేయమంటాయి. అందులో ఉన్నవి ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మరవకండి.

అప్పటికీ ఏదో ఒక ఎల్ఈడీ బోర్డు మిణుకుమంటూనే ఉంటే దాని లయ వేరని అర్థం. షట్టర్‌ను ఇంకా సూక్ష్మంగా మార్చే సౌకర్యం ఉంటే వాడండి, లేకపోతే రెండడుగులు పక్కకు జరిగి ఆ బోర్డును ఫ్రేములోంచి తప్పించండి. ఫొటోల్లోనూ చారలు వస్తున్నాయంటే శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉండి ఉంటుంది. మెకానికల్‌కు మార్చండి.

పగటి వీడియోలో మనుషులు, బళ్లు తెగి తెగి కదులుతున్నాయి

ఇది పక్కాగా ఫొటో అలవాటు వల్ల వచ్చేదే. ఎండ ఎక్కువగా ఉంది కదా అని కెమెరా 1/2000 షట్టర్ ఎంచుకుంటుంది. ప్రతి ఫ్రేమూ కోసినట్టు స్పష్టంగా ఉండటంతో ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య కదలిక అతకదు. ఆటో చక్రం తిరుగుతున్నట్టు కాక గెంతుతున్నట్టు ఉంటుంది. 25 ఫ్రేములకు 1/50, 50 ఫ్రేములకు 1/100 పెడితే కదలికలో సహజమైన మసక వచ్చి కంటికి హాయిగా ఉంటుంది.

అలా పెట్టగానే దృశ్యమంతా తెల్లగా పాలిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/50 అంటే ఎపర్చర్‌ను, అంటే లెన్సులోని రంధ్రాన్ని, ఎఫ్/22 దాకా మూయాలి (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అంత మూస్తే బొమ్మ పదును తగ్గిపోతుంది. అందుకే ఎన్‌డీ ఫిల్టర్. అది లెన్సుకు నల్లద్దం లాంటిది. ఎఫ్/4 దగ్గర తీయాలంటే అయిదు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) తగ్గించాలి, అంటే ముప్పై రెండో వంతు వెలుతురునే వదిలే ఎన్‌డీ32. తిప్పితే గాఢత మారే వేరియబుల్ రకం వీధుల్లో తిరిగేవారికి చాలా అనువు. కానీ చివరిదాకా తిప్పితే ఆకాశం మీద ఇంటూ గుర్తులాంటి నల్లని నీడ పడుతుంది, కాస్త ముందే ఆపాలి. కొత్త లెన్సు కొనే ఆలోచన ఉంటే దాన్ని వాయిదా వేసి ముందు ఈ ఫిల్టర్ కొనమనే నా సలహా.

మెట్రో స్తంభాలు ఒరిగిపోతున్నాయి

కదిలే బండి కిటికీలోంచి పక్కకు తీసినప్పుడు ఇలా అవుతుంది. సెన్సర్ పై వరుస నుంచి కింది వరుసకు వచ్చేలోగా స్తంభం కాస్త జరిగిపోతుంది. షట్టర్ వేగం పెంచినా ఇది పోదు. పక్కకు కాకుండా ముందువైపుకు తీయండి. నిలబడి కెమెరాను తిప్పేటప్పుడు మెల్లగా తిప్పండి.

నడుస్తూ తీస్తే అంతా ఊగిపోతోంది

ఊపు తగ్గించే స్టెబిలైజేషన్ ఉన్నా అడుగుల కుదుపు పూర్తిగా పోదు. వైడ్ లెన్సయితే మూలలు సాగుతూ ముడుచుకుంటూ కనిపిస్తాయి. నడక ఆపి, మెడలోని పట్టీ బిగిసేలా కెమెరాను ముందుకు చాచి, మోచేతులు ఒంటికి ఆనించి పది సెకన్లు తీయండి. చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి కాబట్టి ఈ పట్టీ పద్ధతి బాగా అక్కరకొస్తుంది.

అక్కడే ఇంకో చికాకు: ఫొటోలో నిండుగా పట్టిన మినార్ల కొసలు వీడియోలో తెగిపోతాయి. చాలా కెమెరాల్లో ఫొటో కొలత 3:2, వీడియో 16:9. పైనా కిందా కోత తప్పదు. కొన్ని పాత కెమెరాల్లో 4కే పెడితే పక్కలు కూడా తగ్గుతాయి. వెనక్కి జరగండి, లేదా 1080లో తీయండి.

మాట వినిపించడం లేదు, హోరు మాత్రం ఉంది

ట్యాంక్‌బండ్ మీద గాలి నేరుగా కెమెరా మైకు రంధ్రాలను కొడుతుంది. చిన్న బొచ్చు తొడుగు పెట్టిన బయటి మైకు ఉంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగం శబ్దం స్థాయిని కెమెరా తానే సర్దే ఆటో లెవెల్ వల్ల వస్తుంది. బస్సు హారన్ మోగగానే కెమెరా మొత్తం శబ్దాన్ని అణిచేస్తుంది, దాంతో మాట మునిగిపోతుంది. లెవెల్‌ను మాన్యువల్‌లో పెట్టి, మామూలు మాట కెమెరా శబ్ద మీటరులో -12 డెసిబెల్స్ దగ్గర తాకేలా సర్దుకోండి.

ఒకే షాట్‌లో రంగు మారుతోంది, ఫోకస్ అటూ ఇటూ పోతోంది

రంగు మారడానికి ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగును బట్టి కెమెరా తానే రంగులు సర్దడం, కారణం. ఫొటోను రా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) రూపంలో తీస్తే తర్వాత సరిదిద్దుకోవచ్చు, మామూలు వీడియోలో అంత వీలుండదు. పగలు వైట్ బ్యాలెన్స్‌ను 5600 కెల్విన్ దగ్గర స్థిరపరచండి. ఫోకస్ సంగతికి వస్తే, జనం అడ్డంగా నడిచే సందుల్లో ఆటోఫోకస్ తికమకపడుతుంది. ఏపీఎస్-సీ అనే చిన్న రకం సెన్సర్ ఉన్న కెమెరాకు 24 ఎంఎం లెన్సు, ఎఫ్/8 పెట్టి, దాదాపు నాలుగు మీటర్ల దూరానికి మాన్యువల్‌గా ఫోకస్ చేస్తే రెండు మీటర్ల అవతల ఉన్నవన్నీ స్పష్టంగానే వస్తాయి.

రికార్డింగ్ మధ్యలో ఆగిపోతోంది

కొన్ని సెకన్లకే ఆగితే కార్డు నెమ్మది. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే 170, 200 అంకెలు చదివే వేగానివి. చూడాల్సింది వీ30 గుర్తు, అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదని. సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకు ఆగితే అది కెమెరాలో పెట్టిన పరిమితి, లోపం కాదు. మే నెల ఎండలో ఆగితే వేడి. నీడలోకి వెళ్లి, స్క్రీన్‌ను బాడీకి దూరంగా తెరిచి, కాసేపు ఆపి ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే లోపలంతా చెమ్మ పడుతుంది.

వానాకాలంలో ఏసీ కారు దిగగానే లెన్సు మసకబారడమూ ఈ చెమ్మ వల్లే. కెమెరాను మూసిన సంచిలోనే పావుగంట ఉంచి అప్పుడు తీయండి. తుడుస్తూ కూర్చున్నా మళ్లీ పడుతూనే ఉంటుంది. ఆ సమయంలో లెన్సు మార్చడం అసలే వద్దు.

వీడియో తర్వాత తీసిన ఫొటోలన్నీ మసక

వీడియో కోసం పెట్టిన 1/50 అలాగే ఉండిపోయి ఉంటుంది. నడిచే మనుషులు స్పష్టంగా రావాలంటే కనీసం 1/250 ఉండాలి, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచాలి. డయల్ మీద సి1, సి2 గుర్తులుంటే ఒకదానిలో వీడియో అమరికలు, రెండోదానిలో ఫొటో అమరికలు దాచుకోండి. ఎన్‌డీ ఫిల్టర్‌ను కూడా తీసేయాలి. సాయంత్రం వేళ అది లెన్సు మీదే ఉండిపోతే ఐఎస్ఓ అనవసరంగా ఆకాశానికి ఎక్కి కూర్చుంటుంది.