ఎకాలజీ విద్యార్థుల సదస్సు: వరంగల్‌లో ఒక్క రోజులో ఎలా నడపాలి

వంద మంది వచ్చే ఒకరోజు సదస్సు చెడేది ఎక్కువగా రెండు చోట్ల: పొద్దున ప్రారంభ సభ దగ్గర, ప్రసంగం తర్వాత ప్రశ్నల దగ్గర. మిగతావి మనుషులుంటే నడిచిపోతాయి. కాబట్టి ముందు ఈ రెండూ గట్టిగా కుదుర్చుకొని, తక్కిన కార్యక్రమం వాటి చుట్టూ వేసుకోండి.

తేదీకి సెమిస్టర్ పరీక్షల్లేని డిసెంబర్ వారం మంచిది. జనవరి రెండు, మూడు వారాల్లో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది. పక్షుల మీద పనిచేసేవాళ్ళంతా చెరువుగట్ల మీదే ఉంటారు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జాతర ఉన్న ఏడాది దానికి ముందు వారం, తర్వాతి వారం కూడా వదిలేయండి. బస్సులన్నీ అటే తిరుగుతాయి, హనుమకొండలో లాడ్జి గది దొరకడం కష్టం. కాగజ్‌నగర్, మంచిర్యాల, పెద్దపల్లి నుంచి వచ్చేవాళ్ళు కాజీపేటలో రైలు దిగి రావాలి కాబట్టి పదింటికి మొదలుపెట్టి అయిదు లోపే ముగించండి. దూరం వాళ్ళ ప్రసంగాలు పదకొండున్నర దాటాక వేయండి.

పది వారాల ముందే అబ్‌స్ట్రాక్ట్‌లు (పని సారాంశాలు) అడగండి. 200 పదాలు చాలు: ప్రశ్న ఏమిటి, ఎక్కడ, ఎలా కొలిచారు, ఇప్పటిదాకా ఏం తేలింది. "ఫలితాలు సదస్సులో చర్చిస్తాం" అని రాసి పంపితే తిప్పి పంపి, మూడు రోజుల గడువివ్వండి. పని సగంలో ఉన్నా పర్వాలేదు, సగంలో ఉన్నప్పుడే సలహా పనికొస్తుంది. పేర్లు తీసేసి ఒక్కోదాన్ని ఇద్దరితో చదివించండి. తెలుగులో మాట్లాడొచ్చని ఫారంలోనే రాయండి; జీవుల శాస్త్రీయ నామం, స్థానిక నామం రెండూ అడగండి.

ఫారంలో ఇంకో గడి తప్పనిసరి: అటవీ శాఖ అనుమతి వివరం. ఏటూరునాగారం, పాకాల వంటి అభయారణ్యాల్లో పరిశోధనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి ఉండాలి. స్లైడ్లు వచ్చాక మ్యాపులు కూడా చూడండి. బెజ్జూరు వైపు రాబందులు గూళ్ళు పెట్టిన కొండచరియలాంటి చోటు జీపీఎస్ అంకెలతో తెర మీద పడకూడదు. మండలం పేరు చాలు. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటోల అంచున కొన్నిసార్లు ఆ అంకెలు ముద్రించి ఉంటాయి, అవి కత్తిరించమనండి. ఇది చాలామందికి తట్టదు.

ఇక రోజు. 10:00కి పది నిమిషాల స్వాగతం, 10:10కి మొదటి ప్రసంగం. దీపం, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి మాట అన్నీ సాయంత్రం 4:05కి పెట్టండి. పొద్దున పెడితే అతిథి వచ్చేదాకా అందరూ కూర్చోవాలి, ఆయన నలభై నిమిషాలు మాట్లాడతారు, కోత పడేది మొదటి ముగ్గురు పిల్లల సమయానికి. అతిథికి ఆహ్వానంలోనే "4:05, పదిహేను నిమిషాలు" అని రాసి ఇవ్వండి. నొచ్చుకుంటారేమోనని జంకొద్దు.

ఒక్కో ప్రసంగానికి పది నిమిషాలు: ఏడు మాటకు, రెండు ప్రశ్నలకు, ఒకటి మనిషి మారడానికి. అయిదేసి ప్రసంగాలు మూడు విడతలు వేస్తే పదిహేను. సమాంతరంగా రెండో హాలు పెట్టొద్దు, రెండూ సగం ఖాళీ అవుతాయి. ముందు వరుసలో టైమ్ చూసే మనిషి అయిదో నిమిషానికి పసుపు అట్ట, ఏడో నిమిషానికి ఎరుపు అట్ట చూపించాలి, ఎనిమిదికి లేచి నిలబడాలి. స్లైడ్లు ముందురోజే తెప్పించి ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టండి, పీడీఎఫ్ కాపీతో సహా. అక్కడికక్కడ పెన్‌డ్రైవ్ తీసుకుంటే వైరస్‌లు, పగిలిన తెలుగు అక్షరాలు రెండూ వస్తాయి.

ప్రశ్నల్లో మొదటిది విద్యార్థిదే అని అధ్యక్షత వహించేవారికి ముందే చెప్పండి. చెప్పకపోతే పెద్ద సారు లేచి తన పాత పని గురించి రెండు నిమిషాలూ మాట్లాడేస్తారు. సిగ్గుపడేవాళ్ళ కోసం ఒక్కో కుర్చీలో మూడు చీటీలు ఉంచండి. ప్రశ్న, ఒక మెచ్చుకోలు, ఒక అనుమానం రాసి డబ్బాలో వేస్తారు.

పోస్టర్లు 12:10 నుంచి గంటసేపు. సైజు ఏ1 నిలువు (59.4 × 84.1 సెం.మీ.) అని ఖాయం చేయండి. నాలుగు బై ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటును అడ్డంగా నిలబెడితే ఏ1లు నాలుగు పడతాయి. ఏ0లు (84.1 సెం.మీ. వెడల్పు) రెండే, మూడోదానికి ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ పడతాయి. 24 పోస్టర్లకు ఆరు షీట్లు, రెండువైపులా అంటిస్తే మూడు. పోస్టర్‌లో శీర్షికలు కాక మిగతా అక్షరాలు 24 పాయింట్లకు తగ్గొద్దు. ఫ్లెక్సు బదులు కాగితం మీదో గుడ్డ మీదో ముద్రించండి. షాపులో పాత సాఫ్ట్‌వేర్ ఉంటే యూనికోడ్ తెలుగు ఒత్తులు విడిపోతాయి, అందుకే ఫైలు పీడీఎఫ్‌గానే ఇచ్చి, ముద్రించే ముందు తెరమీద చూడండి. బేసి నంబర్లవాళ్ళు మొదటి అరగంట, సరి నంబర్లవాళ్ళు రెండో అరగంట తమ పోస్టర్ దగ్గర నిలబడితే వాళ్ళూ మిగతావి చూడగలుగుతారు.

భోజనం తర్వాత నిద్రమత్తు గంటలో ఉపన్యాసం పెట్టొద్దు. ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టి ఒక నిజమైన సమస్య ఇవ్వండి. 2024 ఆగస్టు ఆఖరున తాడ్వాయి–మేడారం అడవిలో గాలులకు వేల చెట్లు కూలాయి. అక్కడ తిరిగి ఏం మొలుస్తోందో తెలుసుకోవడానికి నలభై నిమిషాల్లో పరిశీలన ప్రణాళిక గీయమనండి, చెట్లకు 10 × 10 మీటర్ల క్వాడ్రాట్లు (మొక్కలు లెక్కించడానికి కొలిచి గీసే చదరాలు), మొలకలకు 1 × 1 మీటరువి. రెండు తప్పులు దాదాపు ప్రతి గుంపూ చేస్తుంది. క్వాడ్రాట్లన్నీ రోడ్డు పక్కనే వేయడం ఒకటి. చెట్లు కూలిన ఒకే అడవి ముక్కలో పది వేసి వాటిని పది స్వతంత్ర నమూనాలనుకోవడం రెండోది. వాటిని సరిచేయడానికే చివరి ఇరవై నిమిషాలు.

నీళ్ళకు మనిషికి రెండు లీటర్లు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు పది, పన్నెండు చెప్పండి. చాయ్ ఒక్కో విడతకు తొమ్మిది, పది లీటర్లు. భోజనానికి రెండు బల్లలు, ఒక్కోదానికి రెండువైపులా వడ్డన. ఒకే వరుసైతే ముప్పావుగంట సరిపోదు. స్టీలు ప్లేట్లు, గ్లాసులు అద్దెకు దొరుకుతాయి.

పొద్దున ఆరున్నరకు వడ్డేపల్లి చెరువు దగ్గర పక్షులను చూసే నడక పెడితే పన్నెండేసి మందికి పక్షులు తెలిసినవాళ్ళు ఒకరు ఉండాలి, ఎనిమిదికల్లా ముగించాలి. పాకాల సుమారు 50 కిలోమీటర్లు, అదే రోజున కుదరదు. మర్నాటికి వేరుగా పెట్టుకోండి.

సర్టిఫికెట్లు 4:40కి ఇవ్వండి, ముందే ఇస్తే హాలు ఖాళీ. పేర్ల స్పెల్లింగ్ పొద్దున సంతకాల షీటులో వాళ్ళచేతే సరిచూపించండి. డబ్బాలోని చీటీలను వక్తలవారీగా వేరుచేసి, ఫొటో తీసి, మూడు రోజుల్లోపు ఎవరివి వారికి పంపండి.