టీఎస్‌డీ ర్యాలీకి కొత్తగా వెళ్లేవారికి

ర్యాలీ అనగానే దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయే కార్లు గుర్తుకు వస్తాయి గాని, రోజూ ఆఫీసుకు తీసుకువెళ్లే కారుతోనే పాల్గొనగలిగిన ర్యాలీ టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్). ఇది కాలం, వేగం, దూరం అనే మూడింటి లెక్క. దారిలో ఏ భాగాన్ని ఎంత సగటు వేగంతో దాటాలో నిర్వాహకులు ముందే నిర్ణయిస్తారు. ఆ లెక్క ప్రకారం ఏ చోటికి ఏ సెకనులో చేరాలో సరిగ్గా అప్పుడే చేరాలి. ఆలస్యమైతే జరిమానా పాయింట్లు పడతాయి, ముందుగా చేరినా పడతాయి. చాలా ర్యాలీల్లో ముందుగా చేరినందుకే ఎక్కువ. సమయాన్ని నమోదు చేసే కంట్రోళ్లు ఎక్కడ ఉంటాయో పోటీదారులకు చెప్పరు కనుక దారి పొడుగునా లెక్క తప్పకుండా ఉండవలసిందే. ఇటలీలో 1927 నుంచి 1957 వరకు వేగపు పందెంగా సాగిన మిల్లే మిలియా ఘోర ప్రమాదంతో ఆగిపోయి, 1977 నుంచి పాత కార్లకు ఇలాంటి సమయపాలన పోటీగానే జరుగుతోంది.

కారులో ఇద్దరు ఉంటారు. డ్రైవరు పని నిలకడగా నడపడం. గెలుపోటములు మాత్రం ఎక్కువగా పక్కనున్న నావిగేటరు చేతిలోనే ఉంటాయి. అందుచేత కొత్తవారు ముందు నావిగేటరు సీటులో కూర్చుని నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. నావిగేటరుకు ఇచ్చే రోడ్‌బుక్‌లో ప్రతి మలుపుకూ మొదటి నుంచి ఉన్న దూరం, కిందటి మలుపు నుంచి ఉన్న దూరం, ఒక చిన్న బొమ్మ ఉంటాయి. బొమ్మలో గుండ్రని చుక్క ఉన్న వైపు నుంచి మనం వస్తున్నాం, బాణం చూపే వైపుకు వెళ్లాలి.

లెక్క విషయానికి వస్తే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఒక కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు, 40తో 90, 30తో 120 సెకన్లు పడతాయి. అంటే 3600ను వేగంతో భాగిస్తే చాలు. ఉదాహరణకు 9 గంటల 12 నిమిషాలకు బయలుదేరి 6.40 కిలోమీటర్ల వరకు 36తో, అక్కడి నుంచి 12.40 వరకు 30తో వెళ్లాలని ఉందనుకుందాం. మొదటి భాగానికి 640 సెకన్లు కనుక 9:22:40కి, రెండో భాగానికి 720 సెకన్లు కనుక 9:34:40కి చేరాలి. రోడ్‌బుక్ చేతికి రాగానే వేగం మారే ప్రతి చోటుకూ ఇలా గడియారపు సమయం రాసిపెట్టుకోవాలి.

కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది కూడికలు, భాగహారాలు కాదు, తిరిగిన దూరం చూపే ఓడోమీటరు. మన కారు మీటరు, నిర్వాహకులు దారి కొలిచిన మీటరు ఒకేలా తిరగవు. అందుకే దారి మొదట్లో సాధారణంగా సరిచూసుకునే భాగం ఒకటి ఇస్తారు. అక్కడ రోడ్‌బుక్ 10.00 అన్నచోట మన మీటరు 10.30 చూపితే, రోడ్‌బుక్ దూరాలన్నిటినీ 1.03తో గుణించుకోవాలి, 6.40 దగ్గర మన మీటరుపై 6.59 కనిపించాలి. ఈ సవరణ చేయకపోతే 30 కిలోమీటర్లకే 0.9 కిలోమీటరు తేడా వస్తుంది, అది 36 వేగంలో ఏకంగా 90 సెకన్లు. సరిచూసుకున్న తరువాత టైర్ల గాలి మార్చకూడదు, స్పీడోమీటరు ముల్లును నమ్మకూడదు; అది సాధారణంగా అసలు వేగం కంటే కొంత ఎక్కువే చూపుతుంది. చేతి గడియారాన్ని నిర్వాహకుల గడియారంతో సెకన్లతో సహా కలుపుకోవడం తప్పనిసరి.

మామూలు కారు ట్రిప్‌మీటరు 100 మీటర్ల కంటే చిన్న తేడాను చూపదు. 36 వేగంలో అది 10 సెకన్లు. మరింత సూక్ష్మంగా కొలిచే పరికరాలు ఉన్నాయి, కాని కాగితం మీద లెక్క చేతికి అలవాటయ్యే వరకు వాటికి డబ్బు పెట్టవద్దు. వికారాబాద్ వైపు రద్దీ తక్కువగా ఉన్న ఏదో ఒక రోడ్డు మీద, సొంతంగా రాసుకున్న పట్టికతో ఒక ఉదయం సాధన చేయండి.

గేటు పడి 40 సెకన్లు ఆలస్యమైతే తొక్కేయవలసిన పని లేదు. 36కు బదులు 40తో నడిపితే కిలోమీటరుకు 10 సెకన్లు కలిసి వచ్చి, నాలుగు కిలోమీటర్లలో లెక్క సరిపోతుంది. దారి తప్పితే మాత్రం తప్పిన చోటికే తిరిగి రావాలి. రానూపోనూ అదనంగా తిరిగిన దూరాన్ని మీటరుపై చూసి, ఇక ముందున్న అంకెలన్నిటికీ కలుపుకోవాలి. కంట్రోలు కంటబడగానే ఆగడం, నత్తనడక నడవడం చాలా ర్యాలీల్లో నిషిద్ధం కనుక ఆ పోటీ నియమావళిని ముందే చదవండి.

జాతీయ స్థాయి పోటీలు మన దేశపు మోటారు క్రీడల సమాఖ్య అయిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఆధ్వర్యంలో జరుగుతాయి. వాటికి ఏ లైసెన్సు కావాలో ప్రవేశపత్రంతో పాటే కనుక్కోవాలి. చాలామంది చూడని కాగితం బీమా పాలసీ. ప్రైవేటు కార్ల పాలసీలో వ్యవస్థీకృత పందాలు, వేగ పరీక్షలు, విశ్వసనీయత పరీక్షలు మినహాయింపుల కింద ఉంటాయి. కాబట్టి ర్యాలీ రోజుకు ప్రత్యేక ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) అవసరమా అని బీమా సంస్థను రాతపూర్వకంగా అడగడం మేలు.

ఫలితాల కాగితాన్ని స్థానం చూసుకుని పక్కన పడేయకండి. కంట్రోలు కంట్రోలుకూ తేడా క్రమంగా పెరుగుతూ పోతే ఓడోమీటరు సవరణ తప్పింది. మొదటి నుంచి చివరి వరకు ఒకే తేడా ఉంటే గడియారం కలవలేదు. ఒక్కచోట హఠాత్తుగా పెరిగి అలాగే నిలిచిపోతే, అంతకు ముందు వేగం మారే చోట లెక్క తప్పి ఉంటుంది.