ఆటోక్లేవ్ ఆగిపోతే రీసెట్ కన్నా ముందు చేయవలసింది

పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రుల్లో ఆటోక్లేవులు, అంటే ఆపరేషన్ సామానులోని క్రిములను ఆవిరితో చంపే యంత్రాలు, బాగుచేస్తున్నాను. సైకిల్ మధ్యలో యంత్రం ఆగి తెర మీద కోడ్ వెలగగానే ఎక్కువ మంది రీసెట్ నొక్కుతారు. దయచేసి నొక్కకండి. ముందు ఒక పుస్తకంలో ఇవి రాయండి: కోడ్, అప్పుడు నడుస్తున్న దశ, ఉష్ణోగ్రత, ఒత్తిడి, గడియారంలో సమయం. ప్రింటరు ఇచ్చే చీటీ కొన్ని నెలలకే వెలిసిపోతుంది కాబట్టి దాన్ని ఫోటో తీసి ఉంచండి. ఆ లోడులోని సామాను స్టెరైల్ (క్రిమిరహితం) కాదు. ‘రెండు నిమిషాలే కదా తక్కువైంది’ అని థియేటర్‌కు పంపడానికి వీల్లేదు. ప్యాకులు విప్పి, కొత్తగా చుట్టి, మళ్లీ పెట్టాలి.

ఒకే అంకెకు అన్ని కంపెనీల్లో ఒకే అర్థం ఉండదు. ఒకదానిలో తలుపు సరిగా పడలేదని చెప్పే కోడ్, మరొకదానిలో నీళ్లు తక్కువని చెప్పవచ్చు. అందుకే మాన్యువల్ బీరువాలో కాకుండా యంత్రం పక్కనే ఉండాలి. అయినా కోడ్ చెప్పేది యంత్రం ఎక్కడ ఆగిందో మాత్రమే. ఎందుకు ఆగిందో ఒత్తిడి, ఉష్ణోగ్రత కలిపి చూస్తేనే తెలుస్తుంది.

సముద్రమట్టం దగ్గర, గాలి కలవని ఆవిరి 121 డిగ్రీల దగ్గర ఉంటే ఒత్తిడి గేజి చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు చూపాలి, 134 దగ్గర 30 పౌండ్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 15 పౌండ్లకు 120 డిగ్రీలే వస్తుంది. గేజి చూసి నడిపే పాత యంత్రాల వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఒత్తిడి సరిగా ఉండి ఉష్ణోగ్రత తక్కువగా ఉంటే లోపల గాలి మిగిలిందని ముందు అనుమానించండి. గాలి సగమే బయటికి పోతే 15 పౌండ్ల దగ్గర కూడా 112 డిగ్రీలు దాటదు. ఛాంబర్ అడుగున ఉన్న జల్లెడ తీసి చూడండి. గాజ్ (కట్టు కట్టే పలుచటి) గుడ్డల నూలుపోగులు అక్కడ చిక్కుకుంటాయి, కొన్ని స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి గాలిని, నీటిని బయటికి వదిలే వాల్వు) దాకా వెళ్లి దాన్ని మూసేస్తాయి. ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇదే లోపానికి సెన్సార్‌ను రెండుసార్లు మార్చారు. ట్రాప్ విప్పితే చిటికెడు నూలు ముద్ద బయటపడింది. జల్లెడను రోజూ ఉదయం కడిగితే ఈ బాధ ఉండదు.

ఒత్తిడి, ఉష్ణోగ్రత రెండూ పెరగకపోతే ఆవిరి తయారు కావడం లేదు, లేదా బయటికి పోతోంది. తలుపు చుట్టూ ఆవిరి చిమ్ముతుంటే గాస్కెట్ (తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ) చూడండి. లేకపోతే మెయిన్ ఆపి, ఛాంబర్ చల్లబడ్డాక, హీటర్ తీగలు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 230 వోల్టుల మీద నడిచే 3 కిలోవాట్ల హీటర్ సుమారు 17.6 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే అది కాలిపోయినట్టే. బోరు నీళ్లు పోసిన చోట హీటర్ మీద గార కట్టి, వేడి నీటికి చేరక, కాయిల్ లోపలే మాడిపోతుంది. గార తీయకుండా కొత్త హీటర్ వేస్తే అదీ ఎక్కువ కాలం ఉండదు.

ఉష్ణోగ్రత అంకె ఒక్కసారిగా అర్థంలేని చోటికి ఎగిరితే సెన్సార్ తీగ తెగి ఉంటుంది. పీటీ 100 అనే ప్లాటినం సెన్సార్ 30 డిగ్రీల గదిలో దాదాపు 111.7 ఓములు చూపాలి. మరిగే నీటిలో ముంచి పరీక్షించేవాళ్లు హైదరాబాద్‌లో 100 కోసం ఎదురుచూడవద్దు, అక్కడ నీరు 98 దగ్గరే మరుగుతుంది.

కొన్ని యంత్రాల్లో ఆవిరికి ముందు పంపు గాలిని లాగేస్తుంది. అది సరిగా లాగకపోతే వచ్చే వాక్యూమ్ కోడ్ దగ్గరే నేను ఎక్కువగా తడబడ్డాను. ఒక మే నెలలో ఒక ఆసుపత్రి నుంచి వారంలో నాలుగుసార్లు పిలుపు వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ ఉదయమే వెళ్లాను, ప్రతిసారీ యంత్రం బాగా నడిచింది. బయటి గాలి లోపలికి చొరబడుతోందా అని చూసే లీక్ పరీక్ష కూడా నెగ్గింది. అందులో నిమిషానికి 1.3 మిల్లీబార్ల కన్నా ఎక్కువ ఒత్తిడి పెరగకూడదు, ఇక్కడ అందులో సగం కూడా లేదు. చివరికి అక్కడి సిస్టరు రాసిపెట్టిన పుస్తకం తిరగేస్తే, లోపాలన్నీ మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు మధ్యనే ఉన్నాయి. మేడ మీదికి వెళ్లాను. పంపుకు నీళ్లిచ్చేది ఎండలో కూర్చున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. అందులో నీళ్లు 44 డిగ్రీలు. లోపల తిరిగే నీటితోనే గాలిని లాగే వాటర్ రింగ్ పంపులో ఆ నీటి నుంచే ఆవిరి లేస్తుంది కాబట్టి, ఎంత లాగినా 90 మిల్లీబార్ల కిందికి దిగదు. ప్రోగ్రాము అడుగుతున్నది 70. నీటిని భూమిలోని సంపు నుంచి ఇప్పించాం, కోడ్ మళ్లీ రాలేదు. ఆ సిస్టరు సమయం రాయకపోయి ఉంటే నేను మంచి పంపును విప్పేసేవాణ్ని.

ఏ కోడ్ వచ్చినా తలుపు ఇంటర్‌లాక్‌ను (లోపల ఒత్తిడి ఉండగా తలుపు తెరుచుకోనివ్వని ఏర్పాటును) దాటించే తీగ కలపకండి. సేఫ్టీ వాల్వ్ చీదుతోందని దాని మీద బరువు పెట్టకండి. ఆ రెండూ మీ ముఖాన్ని కాపాడడానికి ఉన్నాయి.

బాగుచేశాక వాక్యూమ్ యంత్రమైతే ముందు లీక్ పరీక్ష, తర్వాత ఖాళీగా ఒక వేడి సైకిల్, ఆ తర్వాత 134 దగ్గర మూడున్నర నిమిషాల బోవీ–డిక్ పరీక్ష (గాలి పూర్తిగా పోయిందా అని చూసేది) చేయండి. పరీక్ష కాగితం అంచు నుంచి నడుమ దాకా ఒకే రంగుకు మారాలి. నడుమ పాలిపోతే గాలి ఇంకా ఉంది. అన్ని రకాల యంత్రాలకూ స్పోర్ పరీక్ష (వేడికి తట్టుకునే బ్యాక్టీరియా బీజాలు చచ్చాయా అని చూసేది) పెట్టండి. ఆ ఫలితం వచ్చేదాకా తలుపు మీద ‘వాడరాదు’ అన్న చీటీ అలాగే ఉండాలి.